"అమ్మా, బాబు పడ్డాడు" అని ఫోన్ వస్తే



ఆ మధ్య ఒక సోమవారం మా యూకేజీ క్లాసులో ఒక పాప రెండో పీరియడ్‌కే బెంచీ మీద తల వాల్చేసింది. లేపితే లేచింది కానీ స్నాక్స్ డబ్బా తెరిచి ఒక్క ముక్క కూడా నోట్లో పెట్టుకోలేదు. "తల నొప్పిగా ఉందా నాన్నా?" అని అడిగితే అవునన్నట్టు తల ఊపింది. జడ పక్కన చెయ్యి పెట్టి చూస్తే నిమ్మకాయంత బొప్పి కట్టి ఉంది. ఎప్పుడు పడ్డావని అడిగితే చెప్పలేదు. కాసేపు బుజ్జగించాక, "ఆంటీ మమ్మీకి చెప్పొద్దంది" అని మెల్లగా అంది. ఆంటీ అంటే ఆ పాపను చూసుకునే ఆవిడ. ముందు రోజు అమ్మానాన్నలు పెళ్లికి వెళ్లినప్పుడు సోఫా చేతి మీదెక్కి ఆడుతూ వెనక్కి పడిందట. వెంటనే ఇంటికి ఫోన్ చేశాం. వాళ్లు వచ్చి డాక్టరుకు చూపించారు. పాప బాగుంది. ఆ అమ్మానాన్నలు రాయమన్నారు కాబట్టే ఇది రాస్తున్నాను.

ఈ సంగతి తెలిసిన ఇద్దరు ముగ్గురు తల్లులు పీటీఎంలో, "అలాంటి మనిషిని ఆ రోజే మాన్పించాలి మేడమ్" అన్నారు. నేను అవునని అనలేకపోయాను. ఎందుకంటే ఒకసారి నేనూ అదే పని చేశాను.

బీఎడ్ రెండో సంవత్సరం మా అక్క వాళ్లింట్లో ఉండి చదివాను. అక్కా బావా ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తే మధ్యాహ్నం పూట వాళ్ల బాబును నేనే చూసుకునేదాన్ని. వాడికప్పుడు పద్నాలుగు నెలలు. ఒక రోజు వాణ్ణి మంచం మీద బొమ్మలతో కూర్చోబెట్టి, పక్కనే కింద కూర్చుని లెసన్ ప్లాన్ రికార్డు రాసుకుంటున్నాను. స్కేలు కోసం అటు తిరిగానో లేదో దబ్బుమని శబ్దం. గచ్చు మీద తల తగిలింది. వెంటనే కెవ్వుమన్నాడు, ఎత్తుకుంటే అయిదు నిమిషాల్లో ఊరుకున్నాడు. బాగానే ఉన్నాడు కదా, చెప్పి అక్కను కంగారు పెట్టడమెందుకు అనుకున్నాను. నిజం చెప్పాలంటే, చెప్పడానికి భయం వేసింది. సాయంత్రం ఏడింటికి వాడు వాంతి చేసుకుంటే అక్క, "మధ్యాహ్నం అరటిపండు పడలేదేమో" అంది. నేను మాట్లాడలేదు. రెండోసారి వాంతి అయ్యాక అప్పుడు చెప్పాను.

ఆసుపత్రిలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న "ఎన్ని గంటలకు పడ్డాడు?" అని. రెండోది ఎంత ఎత్తు నుంచి, మూడోది దేని మీద, నాలుగోది పడగానే ఏడ్చాడా, కాసేపు ఏమీ అనకుండా ఉండిపోయాడా. ఈ నాలుగింటికీ జవాబు తెలిసింది ఆ గదిలో నా ఒక్కదానికే. అర్ధరాత్రి దాకా అక్కడే ఉంచుకుని గమనించి, పరవాలేదని ఇంటికి పంపారు. అక్క నన్ను ఒక్క మాట అనలేదు. వారం రోజులు నాతో మాట్లాడలేదు, అది వేరే సంగతి.

మన ఇళ్లల్లో పిల్లల్ని చూసేది ఆయా కావచ్చు, డే కేర్ కావచ్చు, పక్క ఫ్లాట్ ఆంటీ కావచ్చు, ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మో నాయనమ్మో కావచ్చు. ఎవరైనా సరే, పిల్లవాడు పడిన ఆ నిమిషాన్ని చూసేది వాళ్లే. డాక్టరుకు కావలసిన కబురంతా వాళ్ల దగ్గరే ఉంటుంది. వాళ్లు చెప్పకపోతే వాంతి అజీర్తి అనుకుంటాం, మత్తు నిద్ర అనుకుంటాం. చెప్పడానికి వాళ్లకు భయం లేకుండా చేయడం మన చేతిలో ఉన్న పని.

చిన్నపిల్లలకు తల దెబ్బలే ఎక్కువ ఎందుకంటే, వాళ్ల శరీరంలో తలే బరువు. పుట్టినప్పుడు బిడ్డ పొడవులో సుమారు నాలుగో వంతు తలే ఉంటుంది. పెద్దవాళ్లలో అది ఎనిమిదో వంతు దగ్గరకు వస్తుంది. అందుకే పిల్లలు పడితే చేతులకన్నా ముందు తల నేలకు తగులుతుంది. ఇలా పడిన పిల్లల్లో చాలా ఎక్కువమందికి ఒక బొప్పి, కాసేపు ఏడుపు తప్ప ఇంకేమీ కాదు. ఈ మాట ముందే చెబుతున్నాను, చదువుతూ కంగారు పడకండి. కానీ కొద్దిమందిలో పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తం నెమ్మదిగా చేరుతుంది. పుర్రె గట్టిగా మూసి ఉన్న పెట్టె లాంటిది కాబట్టి లోపల చేరిన రక్తం మెదడును నొక్కుతుంది. ఇలా జరిగేటప్పుడు మొదటి గంటో రెండు గంటలో మనిషి మామూలుగానే ఉండవచ్చు. 2009 మార్చిలో నటి నటాషా రిచర్డ్‌సన్ కెనడాలో మంచు మీద స్కీయింగ్ నేర్చుకుంటూ పడ్డారు. నాకేం కాలేదని నవ్వుతూ మాట్లాడారు, వచ్చిన అంబులెన్సును వెనక్కి పంపేశారు. తర్వాత తలనొప్పి మొదలైంది. రెండు రోజులకు చనిపోయారు. ఆవిడ పెద్దావిడ, తనకెలా ఉందో చెప్పగలిగిన మనిషి. ఏడాదిన్నర పిల్లాడు అది కూడా చెప్పలేడు. అందుకే "పడ్డాక బాగానే ఆడుకున్నాడు" అన్నది మంచి కబురే గానీ దానితో గమనించడం ఆపేయకూడదు.

ఇప్పుడు ఆ ఫోన్ సంగతికి వద్దాం. మీరు ఆఫీసులో మీటింగులో ఉంటారు. ఇంటి నుంచి ఫోన్, అవతల ఏడుపు. మన నోట్లోంచి మొదట వచ్చే మాట, "నువ్వేం చేస్తున్నావ్ అప్పుడు?" ఆ ఒక్క ప్రశ్నతో అవతలి మనిషి సమాధానం చెప్పుకోవడంలో పడిపోతుంది. అరడుగు ఎత్తు అంటుంది, మెల్లగా తగిలింది అంటుంది, పది నిమిషాల క్రితమే అంటుంది. మీకు అబద్ధం చెప్పాలని కాదు, తప్పించుకోవాలని. ఆ ప్రశ్న సాయంత్రం అడగండి. ఫోన్లో ముందు అడగాల్సింది ఇవి: ఇప్పుడు కళ్లు తెరిచి ఉన్నాడా? పిలిస్తే పలుకుతున్నాడా? పడగానే ఏడ్చాడా? వాంతి అయిందా? రక్తం వస్తోందా, ఎక్కడ నుంచి? వీలైతే వీడియో కాల్ పెట్టమనండి. పిల్లవాడి ముఖం చూస్తే మీకు సగం అర్థమవుతుంది. పడిన టైమును అక్కడే ఒక కాగితం మీద రాయమనండి. చదువు రాని ఆవిడైతే మీరే ఫోన్లో రాసుకోండి.

స్పృహ లేకపోయినా, ఫిట్స్ వచ్చినా, ఊపిరి తేడాగా ఉన్నా మీరు ఇల్లు చేరేదాకా ఆగడానికి లేదు. ఆవిడ అక్కడి నుంచే 108కి ఫోన్ చేయాలి. ఇక్కడే చాలామంది ఆయాలు ఆగిపోతారు. "నేను తీసుకెళ్తే పోలీసు కేసవుతుందేమో, నన్ను అడుగుతారేమో" అని. అత్యవసరంగా వచ్చిన మనిషికి, ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా, కాగితాల కోసం ఆపకుండా ముందు వైద్యం చేయాలని 1989లోనే సుప్రీంకోర్టు పరమానంద్ కటారా కేసులో చెప్పింది. ఈ సంగతి ఆవిడకు మామూలు రోజున, టీ తాగుతూ చెప్పి ఉంచండి. పిల్లవాడు పడిన రోజున ఆవిడకు అది తలకెక్కదు.

మీరు వచ్చేలోపు ఆవిడ చేయాల్సిన పనులు ఎక్కువేమీ లేవు. మెట్ల మీంచో బాల్కనీ గోడ మీంచో పడ్డ పిల్లవాణ్ణి, మెడ నొప్పి అంటున్నవాణ్ణి చటుక్కున ఎత్తకూడదు, ఉన్నచోటే కదలకుండా ఉంచాలి. స్పృహ లేకుండా వాంతి చేసుకుంటుంటే గొంతులో అడ్డం పడకుండా తల, మెడ, ఒళ్లు ఒక్కసారిగా పక్కకు తిప్పాలి. నెత్తి చిట్లితే రక్తం చూసి అందరూ హడలిపోతారు. తల మీది చర్మానికి రక్తనాళాలు ఎక్కువ కాబట్టి చిన్న గాయానికే చాలా రక్తం వస్తుంది. శుభ్రమైన బట్ట పెట్టి పది నిమిషాలు వదలకుండా అదిమి పట్టుకుంటే మామూలు గాయం నుంచి రక్తం ఆగుతుంది. మధ్యమధ్యలో తీసి చూడకూడదు. చేతికి పుర్రె లోపలికి సొట్ట పడినట్టు తెలిస్తే మాత్రం అక్కడ అదమకూడదు. బట్ట కప్పి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మన ఇళ్లల్లో జరిగేవి కొన్ని చెప్పాలి. గాయంలో పసుపు, కాఫీపొడి కుక్కుతారు. తర్వాత కుట్లు వేయాలంటే అదంతా కడిగి తీయాలి, పిల్లవాడికి ఆ నొప్పి అదనం. బొప్పి అణగాలని నూనె రాసి గట్టిగా రుద్దుతారు. రుద్దితే లోపల ఇంకా కములుతుంది. ఐసు ముక్కలు చేతిరుమాల్లో చుట్టి కొద్దికొద్దిసేపు పెడితే చాలు. ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవులు పెడతారు, పళ్ల మధ్య చెంచా దూరుస్తారు. తాళంచెవులు ఏమీ చేయవు, చెంచా మాత్రం పళ్లు విరగ్గొడుతుంది. ఇంకొకటి, ఏడుపు ఆపడం లేదని బిడ్డను పట్టుకుని ఊపడం. పడ్డ బిడ్డనే కాదు, ఏ పసిబిడ్డనూ అలా కుదపకూడదు. మెడ నిలవని పిల్లలకు ఆ కుదుపుతోనే మెదడులో రక్తస్రావం కావచ్చు. చీరకొంగును గుండ్రంగా చుట్టి, నోటితో ఆవిరి ఊది బొప్పి మీద పెట్టే మా నాయనమ్మ వైద్యం ఒకటుంది. దానివల్ల వాపు తగ్గదు గానీ బిడ్డ ఏడుపు ఆపుతుంది. దాన్ని నేను కాదనను.

ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలి? ఏడాదిలోపు బిడ్డ తలకు దెబ్బ తగిలితే పైకి ఏమీ కనిపించకపోయినా ఒకసారి డాక్టరుకు చూపించండి. రెండేళ్లలోపు వాళ్లయితే మూడడుగుల ఎత్తు దాటి పడినప్పుడు, అంటే వంటగట్టు, డైనింగ్ టేబుల్, ఎత్తు మంచం లాంటి వాటి మీంచి పడినప్పుడు, అనుమానం పెట్టుకోకుండా వెళ్లండి. బొప్పి నుదుటి మీద కాకుండా చెవి పైన గానీ తల వెనక గానీ మెత్తగా, నీళ్లు చేరినట్టు ఉన్నా అంతే. పెద్ద పిల్లలకు అయిదడుగులు దాటితే జాగ్రత్త పడాలి. ఎత్తు, వయసు ఏదైనా సరే, ఒక్క క్షణం స్పృహ తప్పినా, ఒకటికి మించి వాంతులైనా, లేపితే సరిగా లేవకపోయినా, నడక తూలినా, మాట ముద్దగా వచ్చినా, తలనొప్పి పెరుగుతున్నా, ఒక కంటిపాప పెద్దగా ఇంకోటి చిన్నగా కనిపించినా, ఎత్తుకున్నా ఆగని ఏడుపు ఏడుస్తున్నా అర్ధరాత్రైనా బయల్దేరాల్సిందే. చెవిలోంచో ముక్కులోంచో నీళ్లలాంటి ద్రవం వచ్చినా, దెబ్బ తగలని చోట, చెవి వెనకో కళ్ల చుట్టూనో నల్లగా కమిలినా పుర్రె కింది ఎముక చిట్లిందేమోనని డాక్టర్లు చూస్తారు. ఇవేవీ లేకపోయినా మీ మనసుకు "వీడు ఎప్పటిలా లేడు" అనిపిస్తే అదీ చాలు. పిల్లల డాక్టర్లు తల్లి చెప్పే ఆ మాటను కొట్టిపారేయరు.

నిద్ర గురించి అందరూ అడుగుతారు. పడుకోనిస్తే కోమాలోకి పోతాడని పిల్లవాణ్ణి రాత్రంతా గిల్లుతూ మేలుకోబెట్టే ఇళ్లు నాకు తెలుసు. మామూలుగా ఆడుకుని, తిని, తన నిద్ర వేళకే నిద్రపోతుంటే పడుకోనివ్వవచ్చు. మధ్యలో ఒకటి రెండుసార్లు తట్టి చూడండి. విసుక్కుని పక్కకు తిరిగితే సరే. వేళ కాని వేళ మత్తుగా వాలిపోవడం, తట్టినా కదలకపోవడం వేరే విషయం, అది ఆసుపత్రి విషయం. ఆ రోజు జలుబు సిరప్పులు పట్టకండి. వాటిలో చాలావాటికి మత్తు ఉంటుంది, ఆ మత్తు మందుదో దెబ్బదో ఎవరికీ తెలియదు. నొప్పికి ఏం వేయాలో, ఎంత వేయాలో డాక్టరునే అడగండి. మొదటి రోజంతా పెద్దవాళ్లు ఒకరు పక్కనే ఉండాలి.

ఆసుపత్రికి వెళ్లగానే మనం అడిగేది, "డాక్టరుగారూ, ఒక స్కాన్ తీయించేస్తే పోతుంది కదా" అని. స్కాన్ ఊరికే రాయరు, దానికి కారణం ఉంది. సీటీ స్కాన్‌లో రేడియేషన్ ఉంటుంది, పిల్లల మెదడుకు అది పెద్దవాళ్లకన్నా ఎక్కువ చేటు. అమెరికాలో 25 ఆసుపత్రుల ఎమర్జెన్సీలలో తలదెబ్బతో వచ్చిన 42 వేలమందికి పైగా పిల్లలను గమనించి, 2009లో ఒక పెద్ద అధ్యయనం ప్రచురించారు. వాళ్లలో మెదడుకు ప్రమాదకరమైన దెబ్బ తగిలింది నూటికి ఒకరికన్నా తక్కువ మందికే. స్పృహ, వాంతులు, బొప్పి ఉన్న చోటు, పడిన తీరు లాంటి గుర్తులు కొన్ని చూసి ఎవరికి స్కాన్ అక్కర్లేదో చెప్పవచ్చని కూడా వాళ్లు తేల్చారు. కాబట్టి డాక్టరు స్కాన్ వద్దు, కొన్ని గంటలు ఇక్కడే ఉంచి చూద్దాం అంటే అది నిర్లక్ష్యం కాదు. ఆ గుర్తుల్లో సగం ఆయా నోటి నుంచే తెలియాలి అన్నది మళ్లీ గుర్తుచేస్తున్నాను. వీలైతే ఆవిడను కూడా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆవిడనే చెప్పనివ్వండి, మీరు మధ్యలో అందుకోకండి.

ఇంతకీ ఆవిడకు భయం పోవాలంటే ఏం చేయాలి? పనిలో పెట్టుకునే రోజునే ఒక మాట చెప్పండి: "పిల్లలన్నాక పడతారు. పడితే నిన్నేమీ అనను. చెప్పకపోతే మాత్రం ఊరుకోను." ఆ మాట మీద నిలబడటం కష్టం, తెలుసు. మొదటిసారి మోకాలు గీరుకుపోయిందని చెప్పినప్పుడు మీరెలా మాట్లాడారన్న దాన్ని బట్టే తల దెబ్బ రోజున ఆవిడ ఫోన్ చేస్తుందో లేదో ఉంటుంది. జీతం కోస్తామన్న బెదిరింపు ఉన్న ఇంట్లో ఆ ఫోన్ రాదు. అమ్మమ్మ, నాయనమ్మల విషయంలో జీతం లేదు గానీ పరువుంది. "నీ పిల్లల్ని ఇద్దర్ని పెంచాను, నాకు తెలియదా" అన్నదాని వెనక కూడా అదే భయం ఉంటుంది. అత్తగారికైతే ఈ మాటలు ఆవిడ కొడుకు చేతే చెప్పించడం మేలని మా అక్క సలహా.

ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించండి. మీ ఇద్దరి నంబర్లు, మీటింగులో ఎత్తకపోతే చేయాల్సిన మూడో మనిషి నంబరు, 108, పిల్లల డాక్టరు ఉండే ఆసుపత్రి పేరు, పిల్లవాడి బరువు, పడని మందులు. అన్నీ తెలుగులో, పెద్ద అక్షరాల్లో. ఆవిడకు చదవడం రాకపోతే నంబర్లను ఫోన్లో ఫోటోలతో సేవ్ చేసి ఒకసారి ఆవిడ చేతే చేయించి చూడండి. ఒక అయిదు వందల నోటు అక్కడే డబ్బాలో ఉంచండి, ఆటో కోసం.

నమ్మకం ఒకటే చెప్పి ఊరుకుంటే నేను సగమే చెప్పినట్టు. చెప్పిన కథకూ తగిలిన దెబ్బకూ పొంతన లేకపోతే, అడిగిన ప్రతిసారీ కథ మారుతుంటే, ఇంకా బోర్లా పడటం కూడా రాని పసిబిడ్డ ఒంటి మీద కమిలిన మచ్చలు కనిపిస్తే, బిడ్డ ఆ మనిషిని చూడగానే బిగుసుకుపోతుంటే అది పడటం కాకపోవచ్చు. ఆ బిడ్డను ఇక ఆ మనిషి దగ్గర వదలకండి, డాక్టరుకు మీ అనుమానం దాచకుండా చెప్పండి. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది. మాట దాచిన ప్రతి ఆయా చెయ్యి చేసుకున్న ఆయా కాదు. ఈ రెండింటినీ కలిపేస్తే మొదటి రకం వాళ్లు ఇంకా దాస్తారు.

చివరిగా స్కూలు వైపు నుంచి. తల దెబ్బ తగిలిన మర్నాడు, యూనిట్ టెస్టు ఉన్నా సరే, పంపకండి. డాక్టరు చూసి పంపవచ్చన్నాక పంపండి. మొదటి రోజుల్లో టీవీ, ఫోను తగ్గించి విశ్రాంతి ఇవ్వండి. తిరిగి వచ్చాక డైరీలో రెండు వాక్యాలు రాయండి: ఏ రోజు పడ్డాడు, డాక్టరు ఏమన్నారు. డాక్టరు సరేనన్నదాకా ఆ పిల్లవాణ్ణి పీఈ పీరియడ్‌లో పరుగుకు, స్కేటింగ్‌కు పంపం. మొదటి దెబ్బ మానకముందే తలకు రెండో దెబ్బ తగలడం మంచిది కాదు. క్లాసులో మగతగా ఉన్నా, బోర్డు చూడలేకపోతున్నా, ఊరికే చిరాకు పడుతున్నా మీకు ఫోన్ చేస్తాం. డైరీలో ఆ రెండు వాక్యాలు లేకపోతే సోమవారం పొద్దున బెంచీ మీద తల వాల్చిన పిల్లను చూసి, ఆదివారం ఆలస్యంగా పడుకుందేమో అని నేనూ అనుకుంటాను. ఆ రోజు మొదట అలాగే అనుకున్నాను కూడా.

ఆ పాపను చూసుకునే ఆవిడ ఇప్పటికీ ఆ ఇంట్లోనే పని చేస్తోంది. పోయిన వారం పాప ఉయ్యాల తగిలి పెదవి చిట్లించుకుంటే ముందు వాళ్లమ్మకు ఫోన్ చేసి, తర్వాత మందు పెట్టిందట.